సోంబరు నేర్పిన దిగుడు

హుకుంపేట నుంచి అరకు దాకా జీపు తోలే మగవాళ్ళలో సగం మందికి గురువు సోంబరే. ఈ మాట పొగడ్తగా అనడం లేదు, ఉన్న సంగతి చెబుతున్నాను. డ్రైవింగ్ స్కూలు అనేది కొండ దిగితే గాని కనబడని రోజుల్లో, స్టీరింగు పట్టుకోవాలని సరదా పడ్డ ప్రతి కుర్రాడూ ఒక కోడినో, ఒక కుండ జీలుగు కల్లునో పట్టుకుని సోంబరు ఊరు కరకపుట్టు వెళ్ళేవాడు. సోంబరు కోడి తీసుకునేవాడు, కల్లు వెనక్కి పంపేసేవాడు. తాగి బండి ముట్టుకున్నవాడి చెంప పగలగొట్టేవాడు. ఆ విషయంలో ఆయన దగ్గర మొహమాటం లేదు.

మాది విజయనగరం దగ్గర పల్లె. ఆశ్రమ పాఠశాల మేస్టారుగా ఈ కొండల మీదకి వచ్చిన నాటి నుంచీ ఆయన జీపులోనే తిరిగాను. మొదటిసారి ఎక్కినప్పుడు టాపు మీద జనం, బానెట్ మీద జనం, వెనక నిచ్చెనకి వేలాడుతూ జనం. నేను దిగిపోతానని గొడవ పెట్టుకున్నాను.

"దిగిపోతే నడిసెల్లాల మేస్టారూ," అన్నాడు సోంబరు శాంతంగా. "సంతరోజు గదా. ఎవుల్ని ఒగ్గీమంటారు?"

నోరు మూసుకుని కూర్చున్నాను. ఏజెన్సీలో కొన్నాళ్ళుంటే భయాలు పోతాయని మా హెడ్మాస్టరు అనేవాడు. నావి పోలేదు. భయపడుతూనే అలవాటు పడ్డాను, అంతే.

కరకపుట్టు లోయలో ఉంటుంది. అరకు నుంచి వచ్చే రోడ్డు మెట్ట మీదకి ఎక్కి, అక్కడి నుంచి మలుపులు తిరుగుతూ ఊళ్ళోకి దిగుతుంది. మెట్ట మీదకి రాగానే సోంబరు ఇంజను ఆపేసేవాడు. గేరు న్యూట్రల్లో పెట్టి, రెండు చేతులూ స్టీరింగు మీద వేసి, కొండ వాలుకి జీపుని వదిలేసేవాడు. "కొండే తోస్తంది గదా, డీజిలెందుకు తగలెయ్యాల?" అనేవాడు. అది ఆయనకి ఒక విద్య. ఏ మలుపు ముందు బ్రేకు తొక్కాలో, ఏ మలుపులో కాలు తీసెయ్యాలో, గొయ్యి ఎక్కడుందో అన్నీ ఒంటికి తెలుసు. మలుపు మలుపుకీ హారన్ కొట్టేవాడు. ఇంజను మోత ఆగిపోయేసరికి జనం మాటలు పైకి వినబడేవి, టాపు మీద ఎవరో పాట అందుకునేవారు. నేర్చుకోడానికి వచ్చిన ప్రతివాడికీ చివరి పాఠం ఈ దిగుడే. అది వస్తే డ్రైవరు అయినట్టు లెక్క.

తరవాత తరవాత అరకులో కొత్త బళ్ళు దిగాయి. శిష్యులు వాటికి డ్రైవర్లయ్యారు. కొత్త బళ్ళ కోసం సోంబరు తన పాఠానికి ఒకే ఒక్క ముక్క చేర్చాడు: ఇంజను ఆపినా తాళం మాత్రం బయటికి తియ్యొద్దు, తీస్తే స్టీరింగు బిగిసిపోతుంది. కొత్త బండి గురించి ఆయనకి తెలిసింది ఆ ముక్కే. ఆయన మాత్రం ముప్పై ఏళ్ళుగా ఆ పాత జీపే తోలుతున్నాడు.

ఆయన భార్య పేరు గురుబారి. వాళ్ళకి పిల్లలు లేరు. సోంబరు చెల్లెలూ బావా ఒకే వానాకాలంలో జ్వరాలకి పోతే, వాళ్ళ కొడుకు ఉదయ్‌ని గురుబారే పెంచింది. మొగుడికి వడ్డించే ముందు వాడికి వడ్డించేది. "ఈ ఇంట్లో నాను అద్దెకున్నాను," అని సోంబరు వేళాకోళం చేసేవాడు. ఉదయ్ నా దగ్గర చదువుకున్నాడు. నెమ్మదస్తుడు, అడిగితే తప్ప మాట్లాడడు. పదో తరగతి తరవాత మావ దగ్గర బండి నేర్చుకున్నాడు. లైసెన్సు ఒక బ్రోకరు తెచ్చిపెట్టాడు. పరీక్ష అంటూ ఒకటుంటుందని ఆ కుర్రాడికి తెలుసో లేదో. ఒక అరకు ఆసామి తన కొత్త బండి తోలమని వాడికిచ్చాడు. తన శిష్యులందరిలో వీడే తనకంటే బాగా దించుతాడని సోంబరు నాతోనే అన్నాడు. అలా అన్నప్పుడు ఆయన మొహం చూడాలి.

చైత్రంలో ఈ కొండల్లో గిరిజనులకి ఇటుకల పండగ వస్తుంది. మగవాళ్ళు వేటకని అడవిలోకి పోతారు. ఇప్పుడు వేట పేరుకే. ఆడవాళ్ళు రోడ్డు కాస్తారు. దారికి అడ్డంగా తాడు పట్టుకుని, వచ్చిన బండినల్లా ఆపి, పాట పాడి, పండగ మామూలు పుచ్చుకుంటారు. టూరిస్టులు కొందరు విసుక్కుంటారు, కొందరు ఫోటోలు దిగుతారు. కరకపుట్టు ఆడవాళ్ళు దిగుడు ఆఖరి మలుపు దాటగానే నిలబడేవారు. అక్కడ ఏ బండైనా నెమ్మదిస్తుందని వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకం కూడా సోంబరు జీపుని చూసి ఏర్పడిందే.

ఆ ఏడు తాడు ఒక కొస గురుబారి పట్టుకుంది. జారిపోకుండా మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుంది. డప్పులు మోగుతున్నాయి. ఉదయ్ అరకు నుంచి ఖాళీ బండితో పండక్కి ఇంటికి వస్తున్నాడు. మెట్ట మీద ఇంజను ఆపాడు. మలుపుల్లో హారన్ కొట్టాడు, డప్పుల్లో ఎవరికీ వినబడలేదు. ఆఖరి మలుపు తిరిగేసరికి ఎదురుగా తాడు, తాడు వెనక ఊరి ఆడవాళ్ళు. బండి ఆగలేదు. వాడు స్టీరింగుని కొండవైపు కోసి, అందరినీ తప్పించాడు. తాడు మాత్రం బంపరుకి తగులుకుంది. మిగతావాళ్ళు చేతులు వదిలేశారు. గురుబారి మణికట్టుకున్న చుట్లు ఊడి రాలేదు. అంతకంటే నేను రాయలేను.

సోంబరుని అడవి నుంచి పిలుచుకొచ్చారు. ఆయన ఏడవలేదని ఊళ్ళో చెప్పుకున్నారు. మర్నాడు పొద్దున్న బండిని స్టేషనుకి తోలడానికి పోలీసులకి డ్రైవరు కావలసి వచ్చింది. ఎవరో, ఇక్కడ డ్రైవరంటే సోంబరే అన్నారు. ఆయన పెళ్ళానికే అలా జరిగిందని ఆ చెప్పినవాడికి తెలియక కాదు. ఒక్కోసారి మనుషులకి నోరు ముందు, బుర్ర వెనక. సోంబరు కాదనలేదు. ఎక్కి కూర్చుని, ఇంజను స్టార్ట్ చేసి, నాలుగు బారలు ముందుకి తోలి బ్రేకు తొక్కాడు. బండి కొట్టినట్టు ఆగింది. మళ్ళీ తోలాడు, మళ్ళీ తొక్కాడు. మళ్ళీ ఆగింది. కిందికి దిగి, ఊరి పెద్దల ముందు, పోలీసుల ముందు, నా ముందు అన్నాడు.

"బ్రేకు నిక్షేపంలా ఉంది. గుంటడు తొక్కనేదు."

ఉదయ్ పోలీసు జీపు పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. "తొక్కినాను మావా," అన్నాడు. "పై మలుపుకాడ ఆవులడ్డొచ్చినాయి. అక్కడ బాగానే పట్టినాది. కిందకొచ్చీసరికి రాయి తొక్కినట్టయిపోనాది. రెండు కాళ్ళూ ఏసి తొక్కినాను."

"ముప్పై ఏళ్ళు ఇంజనాపే దించినాను నాను. ఏనాడూ పెడలు రాయి అవనేదు. నాకు సెప్తావేటి? ఫోను సూసుకుంటన్నావు. అంతే."

తాగావా అని మాత్రం అడగలేదు. తాగడని ఆయనకి తెలుసు. గురువు తీర్పు చెప్పాక ఎవరు మాత్రం ఏమంటారు? కుల పెద్దలు కూర్చుని, వాడు ఊళ్ళో ఉండకూడదనీ, బండి ముట్టుకోకూడదనీ చెప్పారు. పోలీసు కేసు దాని దారిన అది నడుస్తోంది. బెయిలు వచ్చాక వాడు కొండ దిగిపోయాడు. కొత్తవలస దగ్గర ఇటుక బట్టీలో ఉన్నాడని తెలిసింది.

సోంబరు మళ్ళీ జీపు తోలడం మొదలుపెట్టాడు. మనిషి మాట తగ్గింది, తిండి తగ్గింది. దిగుడు మాత్రం ఎప్పటిలాగే. నేర్చుకోడానికి కుర్రాళ్ళు వస్తూనే ఉన్నారు. ఉదయ్ పేరు ఎవరైనా ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాడు.

మరుసటేడు మా బడి ఆవరణలో డ్రైవర్లకి ఉచిత శిక్షణ పెట్టారు. పాఠాలు చెప్పడానికి రవికుమార్ అని ఒక రిటైరైన బస్సు డ్రైవరు కింద నుంచి వచ్చాడు. డ్రైవర్లని పోగుచేసే పని నా నెత్తిన పడింది. పేరు పేరునా చెప్పాను. రోజూ అరకు నుంచి కరకపుట్టుకి జీపు తోలే సోంబరు శిష్యుడు మంగరాజు నన్ను చూసి నవ్వాడు.

"తాతకి దగ్గులు నేర్పుతారేటి మేస్టారూ? సంత ఒగ్గీసి ఎవులొస్తారు?"

అన్నంత పనీ చేశాడు, రాలేదు. సోంబరు వచ్చాడు. నేను మరీ మరీ చెప్పినందుకు వచ్చాడు తప్ప నేర్చుకుందామని కాదు. వెనక బెంచీ మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. సీటు బెల్టు, పరిమితికి మించి జనం, మలుపులో ఓవర్‌టేకు, అన్నీ అయ్యాయి. తరవాత రవికుమార్ అందరినీ ఆవరణలోకి తీసుకెళ్ళాడు. అక్కడొక కొత్త బండి చదునైన నేల మీద నిలబెట్టి ఉంది.

"మీలో వాలులో ఇంజను ఆపి దించేవాళ్ళెవరు?" అని అడిగాడు.

ఎవరూ చెయ్యెత్తలేదు. నేలచూపులు చూశారు. సోంబరు ఒక్కడే చెయ్యెత్తాడు, కొంచెం గర్వంగానే.

"రండి పెద్దాయనా. ఎక్కండి. ఇంజను స్టార్ట్ చెయ్యొద్దు. బ్రేకు తొక్కండి."

సోంబరు తొక్కాడు. పెడలు మెత్తగా దిగింది.

"మళ్ళీ తొక్కండి. ఇంకోసారి."

మూడోసారికి పెడలు సగంలో ఆగింది. నాలుగోసారి దిగనే లేదు. సోంబరు వంగి కాలివైపు చూశాడు. సీటుకి వీపు ఆనించి, బలం కొద్దీ తోశాడు. మెడ నరాలు పొంగాయి. పెడలు కదల్లేదు.

"కాలు అలాగే ఉంచి ఇప్పుడు ఇంజను స్టార్ట్ చెయ్యండి," అన్నాడు రవికుమార్.

ఇంజను అందుకోగానే పెడలు ఆయన కాలి కింద తనంతట తానే దిగిపోయింది.

"ఇంజను తిరుగుతున్నంతసేపే ఈ బ్రేకుకి బలం," అని రవికుమార్ అందరికీ చెబుతున్నాడు. "ఆపేస్తే రెండు మూడు తొక్కుళ్ళకి సరిపడా మిగులుతుంది. పై మలుపుల్లో అది వాడేశారనుకోండి, కింద మలుపులో రాయే. వాలు దిగేటప్పుడు ఇంజను నడవాలి, గేరు రెండో మూడో ఉండాలి. బండిని సగం గేరే పట్టుకుంటుంది."

"పాత జీపుల్లో?" అని సోంబరు సీటులోంచే అడిగాడు. రెండోసారి అడిగితే గాని వినబడలేదు.

"పాత జీపులకి ఈ ఏర్పాటే లేదండి. వాటికి ఎప్పుడూ మీ కాలి బలమే. ఇంజను ఆపినా, ఆపకపోయినా ఒకటే. కొత్తవాటి సంగతి వేరు."

అందరూ భోజనాలకి కదిలారు. సోంబరు బండి దిగలేదు. ఇంజను ఆపడం, తొక్కడం, పెడలు బిగిసేదాకా తొక్కడం, మళ్ళీ మొదలు. నేను తలుపు దగ్గరకి వెళ్ళాను.

"ఆవులడ్డొచ్చినాయన్నాడు మేస్టారూ," అన్నాడు. "అక్కడ తొక్కీసినాడు. కిందకి నేకుండా పోనాది. సెప్పినాడు గదా నాకు. నా గుంటడు అన్నీ సెప్పినాడు."

అప్పుడు ఏడ్చాడు. నా కళ్ళ ముందు ఆయన ఏడవడం అదే మొదలు. నాకు ఆయన మీద జాలీ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఆ రోజు బండిని ఇంజను వేసి పరీక్ష చేశావు కదయ్యా, ఆపి ఎందుకు చూడలేదు అని అడగబోయాను. ఏం లాభం? అక్కడున్న మా ఎవరికీ మాత్రం తోచిందా?

ఆ వారమే కిరండూల్ పాసింజరు రైలు ఎక్కాం. సోంబరు నన్ను కూడా రమ్మన్నాడు. తన మాట ఉదయ్ నమ్మకపోతే నేను సాక్ష్యం చెప్పాలట. దారంతా ఆయన ఒకే మాట పట్టుకున్నాడు. ముందు వాడి చేతులు పట్టుకుని, నువ్వు తొక్కావురా అని చెప్పాలి. తరవాత ఊరికి తీసుకెళ్ళి, పెద్దలందరి ముందు, తొక్కనేదన్న నోటితోనే తొక్కాడని చెప్పాలి. గుంటడు ఇంటికొస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదు అన్నాడు. సొరంగాల్లో చీకటి పడ్డప్పుడల్లా పిల్లలు కేకలు వేస్తున్నారు. ఆయనకి అవేమీ వినబడినట్టు లేదు.

బట్టీ దగ్గర ఉదయ్ పచ్చి ఇటుకలు వరస పేరుస్తున్నాడు. చిక్కిపోయాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు, మావ కాళ్ళకి వంగబోయాడు. సోంబరు మధ్యలోనే పట్టుకున్నాడు. వాళ్ళ ఇంటి మాట ఒరియా కలిసిన మాట. నాకు వచ్చినంత మేర తెలుగులోకి దించి చెబుతున్నాను.

"తొక్కినావురా," అన్నాడు సోంబరు. "నువ్వు తొక్కినావు. నాను తప్పు సెప్పినాను. ఇంజనాపితే ఆ బళ్ళకి బ్రేకు రాదు. నా కాలితో నానే సూసినాను."

బ్రేకు ఎలా బిగిసిందో, ఇంజను వెయ్యగానే ఎలా దిగిందో, అంతా చెప్పాడు. నేను అవునన్నాను. ఉదయ్ మట్టి చేతులు లుంగీకి తుడుచుకుంటూ విన్నాడు. వాడి మొహంలో ఏదో ఒకటి కదులుతుందని నేను చూస్తూనే ఉన్నాను. ఏమీ కదల్లేదు.

"నేదు మావా. నాను తొక్కనేదు."

"అదికాదురా. ఆ రోజు నువ్వే సెప్పినావు గదా."

"సెప్పినాను. భయంతో సెప్పీసినానేమో. తరవాత నువ్వు తొక్కనేదన్నావు. ఊరందరూ అన్నారు. ఇక్కడికొచ్చాక రోజూ అదే తలుసుకున్నాను. ఇప్పుడు కళ్ళు మూస్తే అలాగే కనపడతాది. కాలు పక్కనే ఉన్నాది, తొక్కనేదు."

"తొక్కినావురా నాయనా." సోంబరు వాడి భుజాలు పట్టుకుని ఊపాడు. "రెండు కాళ్ళూ ఏసినావు."

ఉదయ్ మావ చేతులు నెమ్మదిగా తీసేశాడు.

"తొక్కితే అత్తెందుకు సచ్చిపోనాది మావా?" అని అడిగాడు. "తొక్కనేదు గనక సచ్చిపోనాదంటే నాకు అర్దమవుతాది. అలా అనుకుంటే తిండి తింటన్నాను, పని సేస్తన్నాను. నాను తొక్కినా సచ్చిపోనాదంటే, మరి నానేటి అనుకోవాల? ఒగ్గీ మావా. నాను రాను."

బట్టీ మేస్త్రీ కేకేశాడు. ఉదయ్ ఇటుకల దగ్గరకి వెళ్ళిపోయాడు. సోంబరు పచ్చి ఇటుక ఒకటి వంకరగా ఉంటే వంగి సర్దబోయాడు. చెయ్యి తగిలి అది విరిగింది. నేను ఆయన్ని అక్కడి నుంచి తీసుకొచ్చేశాను. ఒక్క దిగుడు పాఠంతో కుర్రాడి చేతికి వచ్చిన విద్య వాడి అత్తని మింగింది. ఒక్క మాటతో వాడి జ్ఞాపకం కూడా మారిపోయింది. గురువన్నవాడి నోటికి ఇంత బలం ఎవరిచ్చారో నాకు తెలియదు. నేనూ బడిపంతుల్నే కాబట్టి ఆ ఆలోచన నన్ను చాలా రోజులు వదల్లేదు.

మర్నాడు ఉదయం అరకులో దిగాక మంగరాజు జీపే దొరికింది. అదీ కొత్తదే. గురువుగారని సోంబరుని ముందు సీటులో కూర్చోబెట్టాడు, పక్కన నన్ను. వెనక సంత నుంచి వస్తున్న జనం, కూరగాయల గంపలు. మెట్ట మీదకి రాగానే మంగరాజు తాళం తిప్పాడు. ఇంజను ఆగిపోయింది. గాలి చప్పుడు వినబడింది.

"ఇంజనెయ్యి," అన్నాడు సోంబరు.

"ఏటి మావా?"

"ఇంజనెయ్యిరా. రెండో గేరులో దించు. ఆపితే బ్రేకు సచ్చిపోద్ది. ఉదయ్‌గాడు తొక్కినాడు. తొక్కినా పట్టనేదు."

మంగరాజు ఆయన వైపు జాలిగా చూశాడు. పెద్దవాడు, పెళ్ళాన్ని పోగొట్టుకున్నవాడు, మేనల్లుణ్ణి చూసి వస్తున్నాడు. మనసు కరిగి ఏదో అంటున్నాడని అనుకున్నాడు.

"ఊరుకో మావా. ఆడు తొక్కనేదు. నువ్వే గదా అందరి ముందూ బండి తోలి సూపించినావు. బ్రేకు నిక్షేపంలా ఉందని నువ్వే సెప్పినావు. అప్పటినుంచీ మాకు ధైర్యం. తొక్కాల్సిన చోట తొక్కితే ఏటవ్వదని."

"బండాపు."

మంగరాజు హ్యాండ్ బ్రేకు లాగి ఆపాడు. సోంబరు దిగాడు. నేనూ దిగాను. వెనక కూర్చున్నవాళ్ళకి కూడా దిగమని చెప్పాడు. నడిసెల్దాం, దిగండమ్మా అని ఒక్కొక్కరినీ బతిమాలాడు. ఎండెక్కుతోంది, గంపలు బరువు. ఎవరూ దిగలేదు. ఒక ముసలామె మాత్రం, నీ దగ్గర నేర్సుకున్నోడే గదా తోలతన్నాడు, భయమేటి అంది.

జీపు వెళ్ళిపోయింది. మేమిద్దరం రోడ్డు వారగా దిగడం మొదలుపెట్టాం. సోంబరు ముందు, నేను వెనక. రెండు మలుపులు దిగాక మా పక్క నుంచి ఇంకో బండి దూసుకుపోయింది. టాపు నిండా జనం. అది మమ్మల్ని దాటిపోయినా ఇంజను చప్పుడు వినబడనే లేదు.